తెలుగు వాక్యంలో ప్రయోజనం, ఫలితం: కుర్క్యాల శాసనం నుంచి నేటి కరీంనగర్ మాట దాకా

ఒక పని దేనికోసం జరిగిందో తెలిపే ఉపవాక్యాన్ని ప్రయోజనార్థకమనీ, ఆ పని వల్ల ఏమైందో తెలిపే ఉపవాక్యాన్ని ఫలితార్థకమనీ చెప్పుకోవచ్చు. మొదటిదానిలో ఉన్నది కర్త ఉద్దేశం కనుక అది నెరవేరనూ వచ్చు, నెరవేరకపోనూ వచ్చు. రెండవదానిలో ఉన్నది అప్పటికే జరిగిపోయిన సంగతి. ఈ రెండింటి నడుమ గీత ఇంగ్లీషూ గీస్తుంది, తెలుగూ గీస్తుంది గాని, వాక్యంలో ఏ చోట గీస్తాయన్న దగ్గరే రెండూ వేరుపడతాయి. తెలుగు ఆ గీతను ఎక్కడ గీసిందో, అందుకు ఏయే రూపాలను వాడుకుందో తెలుసుకోవడానికి కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతం ప్రత్యేకంగా అక్కరకు వస్తుంది. పదో శతాబ్దపు పద్యశాసనం, ఉర్దూ మరాఠీల పొరుగు, పాత రూపాలను విడిచిపెట్టని పల్లె మాట అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

పోల్చి చూడటానికి ఇంగ్లీషు సంగతి కొంత తెలియాలి. ప్రాచీన ఆంగ్లంలో ప్రయోజనాన్ని రెండు దారుల్లో చెప్పేవారు. ‘టు’ అనే మాట తర్వాత విభక్తి చేరిన క్రియానామాన్ని ఉంచడం ఒకటి. ‘దట్’తో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియను సంభావనార్థక రూపంలో, అంటే జరిగిందని కాక జరగాలని కోరే రూపంలో, నిలపడం మరొకటి. ఫలితం చెప్పేటప్పుడు అదే ‘దట్’ వచ్చినా క్రియ మామూలు నిశ్చయార్థక రూపంలో ఉండేది. కాలక్రమాన క్రియాప్రత్యయాలు అరిగిపోయి ఈ రెండు రూపాల తేడా చాలావరకు చెరిగిపోగా, ఆ ఖాళీని ‘మే’, ‘కెన్’, ‘షుడ్’ వంటి సహాయక క్రియలు పూరించాయి. అందుకే నేటి ఇంగ్లీషులో ‘సో దట్’ తర్వాత అలాంటి సహాయక క్రియ ఉంటే సాధారణంగా ప్రయోజనమనీ, జరిగిన సంగతిని చెప్పే మామూలు క్రియ ఉంటే ఫలితమనీ గుర్తిస్తారు. గీత ఉపవాక్యపు క్రియ మీదనే పడిందన్నమాట.

తెలుగుకు వస్తే, కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కుర్క్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో వేయించిన శాసనం తప్పక ముందుకు వస్తుంది. చక్రేశ్వరి మొదలైన జైన ప్రతిమలను చెక్కించిన ఆ చోట సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలోనూ రాత ఉంది. తెలుగు భాగం కందపద్యాలలో నడిచింది. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోని ఈ నేల మీద, నన్నయకు సుమారు నూరేండ్ల ముందే, ఛందస్సుకు లొంగే తెలుగు వాక్యం సిద్ధంగా ఉండెనని ఈ పద్యాలు రుజువు చేస్తాయి. కందం చిన్న పద్యం. నాలుగు పాదాలలో భావాన్ని ముగించాలంటే అసమాపక క్రియలతో, అంటే వాక్యాన్ని ముగించకుండా తర్వాతి క్రియ కోసం ఎదురుచూసే రూపాలతో, ఉపవాక్యాలను ప్రధాన క్రియకు ముందుగానే పేర్చుకుంటూ రావడం మేలైన దారి. తెలుగు సంశ్లిష్ట వాక్య నిర్మాణానికి నాటి నుంచి నేటి వరకు ఇదే పద్ధతి.

కాకతీయుల కాలపు దానశాసనాలలో ఇంకొక విశేషం కనిపిస్తుంది. భూమినో చెరువునో దానమిచ్చినవారు అది తమ తల్లిదండ్రులకో రాజుకో ‘పుణ్యముగా’, ‘ధర్మువుగా’ ఇచ్చామని చెప్పుకోవడం ఆ శాసనాల్లో పరిపాటి. ఈ ‘గా’ చరిత్రరీత్యా ‘అగు’ ధాతువు తుమున్నర్థక రూపం. తుమున్నర్థకమంటే ‘చేయ’, ‘చూడ’ వంటి, ఒక పని మరొక పనికి లక్ష్యమని చెప్పే రూపం. కనుక ‘పుణ్యముగా’ అంటే పుణ్యం కావడానికి అని ఒక అర్థం, పుణ్యమయ్యే విధంగా అని మరొక అర్థం. దాత ఉద్దేశమూ దానఫలమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. దానం ఇచ్చినవారి నమ్మకం కూడా అదే కదా: ఉద్దేశించిన ఫలం ఇచ్చిన క్షణానే సిద్ధిస్తుంది. శాసనం చివర ధర్మాన్ని చెరిపినవారికి కలిగే పాపఫలాన్ని మాత్రం ‘చెరిపినవాడు’ వంటి రూపంతో మొదలుపెట్టి సమాపక క్రియతో ముగిస్తారు. అక్కడ ఫలితం విడి వాక్యమంత బరువుతో నిలుస్తుంది.

నన్నయ నాటికి ప్రయోజనార్థక సామగ్రి పూర్తిగా సమకూరింది. ‘చూడ వచ్చె’ అన్న తీరులోని తుమున్నర్థకం, ‘కొఱకు’, ‘కై’ అన్న విభక్తులు, ‘కావున’, ‘కాన’ వంటి ఫలితసూచకాలు కావ్యభాషలో స్థిరపడ్డాయి. అన్నిటికంటే లోతైనది మాత్రం ‘అని’. ‘గెలుతునని వచ్చె’ అన్న వాక్యంలో కర్త ప్రథమ పురుషలో ఉన్నా, అతని ఉద్దేశం ఉత్తమ పురుషలోనే, అతను తనతో తాను అనుకున్న మాటగానే నిలిచి ఉంది. ఇంగ్లీషు ప్రయోజనవాక్యం కర్త మనసులోని మాటను చెప్పేవాని వైపు నుంచి తిప్పి చెప్తుంది. తెలుగు దాన్ని తిప్పకుండా అలాగే ఉంచి, చివర ‘అని’ అనే క్త్వార్థక రూపాన్ని, అంటే ఒక పని ముగిసి మరొకటి మొదలైందని చెప్పే రూపాన్ని, చేరుస్తుంది.

వ్యాకర్తలు ఈ సంపదను తగినంతగా పట్టించుకోలేదని చెప్పక తప్పదు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తుమున్నర్థకాది రూపాలను నిశితంగా సాధించాడు గాని, ఆ గ్రంథపు పది పరిచ్ఛేదాలలో వాక్యరచనకంటూ విడి పరిచ్ఛేదం లేదు. పైగా ‘కొఱకు’, ‘కై’ చతుర్థిలోనూ, ‘కి’, ‘కు’ షష్ఠిలోనూ చేరడంతో, ‘చదువుటకు వచ్చె’లో ‘కు’ చేసే ప్రయోజనార్థకపు పని విభక్తుల పట్టికలో కనిపించకుండా పోయింది. విలియం కేరీ 1814లో, ఏ.డి. క్యాంబెల్ 1816లో, సి.పి. బ్రౌన్ 1840లో, ఏ.హెచ్. ఆర్డెన్ 1873లో వెలువరించిన వ్యాకరణాలు ఇంగ్లీషువారికి తెలుగు నేర్పడానికి పుట్టినవి. వాక్యాన్ని వాక్యంగా చూసే చర్చకు నిండైన రూపం చేకూరి రామారావు 1975 నాటి ‘తెలుగు వాక్యం’తోనే వచ్చింది.

కరీంనగర్ పల్లెల మాటలో ఈ సామగ్రి ఎంత సజీవంగా ఉందో నాలుగు వాక్యాలను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ‘అప్పు కట్టెతందుకు దుబాయి పోయిండు’ అన్నప్పుడు ‘ఎతందుకు’ బయటి నుంచి చూసి చెప్పిన ప్రయోజనం. ‘అప్పు కడుదామని దుబాయి పోయిండు’ అన్నప్పుడు అది పోయినవాని సొంత తలపు. ‘బిడ్డ సదువుకోవాల్నని కరీంనగర్ల ఉంటున్నరు’ అంటే తల్లిదండ్రుల కోరిక వారి నోటి మాటగా వినిపిస్తుంది. ఇంగ్లీషు ‘లెస్ట్’తో చెప్పేదాన్ని ‘వడ్లు తడుస్తయో ఏమోనని పరదాలు కప్పిండ్రు’ అని భయాన్ని సైతం ‘అని’లోనే చెప్తారు.

ఇక ‘ఏటట్టు’ సంగతి మరింత ఆసక్తికరం. ‘నీళ్లు పారేటట్టు కాల్వ తీసిండ్రు’ అంటే ప్రయోజనం. ‘మడి మునిగేటట్టు వాన కొట్టింది’ అంటే ఫలితం. ఉపవాక్యపు క్రియారూపం రెండింటిలోనూ ఒకటే, దాని మీద ఏ గుర్తూ లేదు. తేడా తెలిపేది ప్రధాన వాక్యం: కాలువ తీసినవారికి సంకల్పం ఉంది, వానకు లేదు. ఇంగ్లీషు ఉపవాక్యపు క్రియ మీద గీసిన గీతను తెలుగు ప్రధాన వాక్యపు కర్త మీద గీసింది. కర్తకు సంకల్పం ఉన్నా జరిగిన ఫలితాన్నే చెప్పాలనుకుంటే ‘నీళ్లు పారినయ్’ అని విడి వాక్యం వేసి, ‘గందుకే’ అనో ‘పడబట్టి’, ‘చెయ్యబట్టి’ అనో కలుపుతారు. ఫలితంలోని తీవ్రతను చెప్పాలంటే ‘ఎంత ఎండ కొట్టిందంటె చెరువు నెర్రెలు బారింది’ అంటారు; ఈ ‘అంటె’ కూడా ‘అను’ ధాతువు రూపమే. ఇటు ప్రయోజనం, అటు ఫలితం, రెండూ చివరకు ‘అను’ అనే క్రియనే ఆశ్రయించడం తెలుగు ప్రత్యేకతలలో ఒకటి.

ప్రత్యేకత అన్నంత మాత్రాన తెలుగుకే పరిమితమని కాదు. ఆదిలాబాదు సరిహద్దు దాటితే వినిపించే మరాఠీలో ‘మ్హణూన్’, దక్కనీ ఉర్దూలో ‘బోల్‌కే’ అచ్చం ‘అని’ చేసే పనినే చేస్తాయి. భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో ప్రతిపాదించిన ‘భారత భాషాప్రాంతం’ అన్న భావన, అంటే వేర్వేరు కుటుంబాల భాషలు కలిసి మసలుతూ ఒకే లక్షణాలను పంచుకుంటాయన్న భావన, ఇటువంటి చోట కళ్లెదుటే కనిపిస్తుంది. మరోవైపు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైన హైదరాబాదు రాజ్యంలో, పై చదువులకు పోయిన కరీంనగర్ విద్యార్థి ‘తాకే’ అనే ఉర్దూ మాటతో మొదలై ప్రధాన వాక్యం తర్వాత వచ్చే ప్రయోజనవాక్యాన్నీ, ‘ఇత్నా... కే’ అనే ఫలితవాక్యాన్నీ రోజూ చదివాడు. వాటి వరుస ఇంగ్లీషు ‘సో దట్’, ‘సో... దట్’ల వరుసకు దగ్గర కావడంతో, ఆ నిర్మాణాలు అతనికి పూర్తిగా కొత్తగా తోచి ఉండవు.

తెలుగు మాధ్యమం వచ్చాక ఉర్దూ అనే ఆ నడిమి మెట్టు పోయింది. ఇంగ్లీషు ‘సో... దట్’ వాక్యాన్ని ‘అతడు చాలా నీరసంగా ఉన్నాడు, అందుచేత నడవలేడు’ అని రెండుగా విరిచి చెప్పడం తరగతి గదులకు అలవాటైంది. అలా విరిచితే నీరసానికీ నడవలేకపోవడానికీ మధ్య ఉన్న కొలత జారిపోతుంది. ‘నడవలేనంత నీరసంగా ఉన్నాడు’ అన్న వాక్యం ప్రతి పిల్లవాడి నోటా ఉన్నదే. ‘అంత’ ఆ కొలతను పట్టి ఉంచుతుంది, ఫలితం ముందుకు వస్తుంది, ఇంగ్లీషులో వెనక్కు పోతుంది. ఈ వరుస మార్పు ఒక్కటి చూపితే పాఠం సగం అయిపోయినట్టే.

1966 నాటి అధికార భాషా చట్టం తర్వాత పెరిగిన పాలనా వ్యవహారంలో, పత్రికల రాతలో పల్లె మాటకు తలకిందులైన మార్పు జరిగింది. ‘నిమిత్తం’, ‘చేయుటకు గాను’ వంటి నామరూపాలు పెరిగి, ‘అని’ తగ్గింది. కర్త మనసులోని మాటకు చోటు లేకపోవడం అధికార భాషకు సహజమే కావచ్చు. అంతకంటే విచారించదగినది ‘తద్వారా’. ‘కాలువ తవ్వారు, తద్వారా పొలాలకు నీరు అందుతుంది’ అన్న వాక్యంలో ఉపవాక్యం లేదు, ‘ఏటట్టు’ లేదు, ‘అని’ లేదు. ఇంగ్లీషు ‘సో దట్’ను వాక్యం మధ్యలో దింపారు గాని, ఆ భాషలో ప్రయోజనాన్ని ఫలితం నుంచి వేరుచేసే సహాయక క్రియను వెంట తేలేదు. ‘అందుతుంది’ అన్నది తవ్వించినవారి ఉద్దేశమా, తవ్విన తర్వాత జరుగుతున్న సంగతా అని అడిగితే ఆ వాక్యం దగ్గర జవాబు లేదు. ‘నీరు అందాలని తవ్వారు’ అంటేనో, ‘తవ్వబట్టి నీరు అందుతోంది’ అంటేనో ఆ పొలాల గతి ఏమైందో చదివేవారికి తెలిసేది.