అంచునుండి నడిమికి: తూటాలోని నిప్పు నడచిన దారి

సికింద్రాబాదునుండి ఉత్తరముగా రెండు రాచబాటలు సాగుచున్నవి. అందొకటి కొంపల్లి, మేడ్చల్, తూప్రానుల మీదుగా నాగపురమునకును, రెండవది అల్వాల్, బొల్లారము, హకీంపేట, శామీర్‌పేటల మీదుగా కరీంనగరమునకును పోవును. ఈ రెండు బాటల నడిమినేల నేడు మందుల కర్మాగారములతోను, విద్యాలయములతోను నిండియున్నను, పందొమ్మిదవ శతాబ్దియందు ఇది దండు విడిసిన భూమి యనియు, ఇచ్చటి సిపాయి చేతిలో ఎట్టి తుపాకి యుండవలెనను ప్రశ్నకు సమాధానము లండనులోను కలకత్తాలోను నిర్ణయింపబడుచుండెననియు ఎరిగినవారికి, తుపాకి తూటాలోని నిప్పురవ్వ అంచునుండి నడిమికి ఎట్లు జరిగెనను వృత్తాంతము దూరదేశపు కథగా తోపదు.

తుపాకి చరిత్రమంతయు నిప్పును మందుతో కలుపుట యెట్లను ప్రశ్నకు తరతరముల పనివాండ్రు చెప్పుచు వచ్చిన సమాధానముల చరిత్రమే. మొదట జామగి వచ్చెను. రాజుచున్న త్రాటికొనను రంజకమునకు తాకించినంతనే గుండు పేలెడిది. పిదప చకుముకి వచ్చెను. వానలో ఆరిపోవు త్రాటి బాధ తప్పినదేకాని రంజకము తడియు బాధ తప్పలేదు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిం మరీ రేమండు 1795లో హైదరాబాదున నెలకొల్పిన తోపుల కర్మాగారము ఈ చకుముకి యుగమునకు చెందినది. ‘తోప్ కా సాంచా’ యని జనులు పిలిచిన ఆ చోటి పేరే నేటికిని గన్‌ఫౌండ్రీ పేటగా నిలిచియున్నది. ఇనుమును కరగించి పోతపోయు విద్యలో ఈ నేల యెవ్వరికిని తీసిపోలేదని చెప్పుటకు ఆ కట్టడమొక్కటి చాలును. చకుముకి తరువాత రాగిటోపీ వచ్చెను. సుత్తి దెబ్బకు మండు రసాయనమును చిన్న టోపీలో నుంచి తుపాకి వెనుకతట్టున తొడిగిరి. అయినను మందును గుండును గొట్టపు మూతినుండియే దట్టింపవలసియుండెను.

మందును, గుండును, నిప్పునుగూడ ఒక్క లోహపుగూటిలో ఇముడ్చుటయే తరువాతి మెట్టు. 1845 ప్రాంతమున ఫ్రాన్సులో ఫ్లోబేరను పనివాడు టోపీకే చిన్నగుండు నమర్చి, ఇంటిలోపల గురిచూచి కాల్చుటకు తగిన తూటాను చేసెను. దానిని పెంచి, గూటి అడుగున మడచిన అంచులో జ్వలనద్రవ్యమును నింపి, అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్‌వారు 1857లో ఏడు తూటాల చిన్న రివాల్వరును వెలువరించిరి. సుత్తి ఆ అంచును నలుగగొట్టినంతనే లోపలి ద్రవ్యము మండి మందునకు నిప్పందించును. దీనికే రిమ్‌ఫైరని పేరు. చూపునకు సులభమైన ఈ యుపాయములోనే దాని అవధియు దాగియున్నది. అంచు నలుగవలెనన్న రేకు పలుచగా నుండవలెను. మందు పెంచవలెనన్న రేకు మందముగా నుండవలెను. ఈ రెండును ఒక్కగూటిలో పొసగవు. కావున పెద్దతుపాకులకు ఈ జాతి తూటాలు కొంతకాలము పనిచేసినను, బలము కోరువారికి చాలలేదు.

ఈ చిక్కును విప్పినది సెంటర్‌ఫైర్ తూటా. గూటి అడుగున సరిగా నడుమ చిన్నగుంట చేసి, అందొక రాగిటోపీని దిగగొట్టినచో, దెబ్బ ఆ టోపీపైననే పడును. గూటిని ఎంత మందముగానైనను చేయవచ్చును. కాల్చిన గూటిలో క్రొత్త టోపీని, మందును, గుండును పెట్టి మరల వాడుకొనవచ్చును. ఇంగ్లాండున ఊలిచ్ ప్రయోగశాలయందు బాక్సరును, అమెరికాలో బెర్డనును 1866 ప్రాంతముననే వేరువేరు మార్గముల ఈ పనిని కొనసాగించిరి. నేను చూడగా, ఈ తూటాకంటెను, దానికై పాత ఆయుధములను మార్చిన పనివారి నేర్పే మిక్కిలి మెచ్చదగినది. లక్షలకొలది పాతతుపాకులను పారవేయ నిష్టపడని ఇంగ్లీషు ప్రభుత్వము, స్నైడరనువాని యుపాయముచొప్పున ఎన్‌ఫీల్డు తుపాకుల వెనుకభాగమును కోయించి, తలుపువలె తెరచుకొను దిమ్మె నమర్పించి, మూతినుండి దట్టు తుపాకిని వెనుకనుండి తూటా పెట్టు తుపాకిగా మార్పించెను. అమెరికాలో కోల్టు కర్మాగారము రిచర్డ్సు పొందిన 1871 నాటి హక్కుపత్రముననుసరించియు, మరుసటి యేడు మేసన్ పొందిన పత్రముననుసరించియు, టోపీ రివాల్వర్లను లోహపుతూటాలకు మార్చెను. మొదట రిమ్‌ఫైరుగా వెలువడిన కోల్టులు కొన్ని తరువాతి కాలమున సెంటర్‌ఫైరుగా మార్పబడినవి. సుత్తి దెబ్బ పడుచోటు అంచునుండి నడిమికి జరుగుటయే ఆ మార్పునకు మూలము. చెప్పుటకు ఒక్కమాటయైనను, ఆ రెండు తూటాల పీడనములు వేరు, కొలతలు వేరు గనుక, గొట్టపు లోహము ఆ బలమును తాళునో లేదో నిర్ణయింపగల వివేకము లేనివాని చేతిలో ఆ పని ప్రాణాంతకము; ఆ కారణముచేతనే అది కర్మాగారములలోను, అనుభవశాలురైన పనివారి చేతులలోను మాత్రమే నిలిచినది.

ఈ మార్పు దక్కనునకు వచ్చిన తీరు వేరు. 1857లో ఎన్‌ఫీల్డు తూటాకు పూసిన క్రొవ్వునుగూర్చి పుట్టిన కలవరము ఉత్తరదేశమున చెలరేగగా, ఆ యేటి జూలై 17వ తేదీన తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీనులు జనసమూహముతో హైదరాబాదు రెసిడెన్సీపై దాడిచేసిరి. ద్వీపాంతరశిక్షను పొంది, చెరనుండి తప్పించుకొనిన తుర్రేబాజ్‌ఖాను 1859లో మేడ్చల్ దాటిన తరువాత వచ్చు తూప్రాను చేరువ అడవిలో కాల్పులకు నేలకొరిగెను. ఆ పోరాటపు భయమే కాబోలు, తరువాతి తరమంతయు భారతీయసిపాయికి ఆంగ్లసైనికునికంటె ఒక మెట్టు వెనుకటి ఆయుధమునే యిచ్చు నియమమునకు మూలమయ్యెను. మొదట గీతలులేని నున్నని గొట్టపు తుపాకి. ఆంగ్లదళములకు మార్టినీ-హెన్రీ వచ్చిన పిదపనే మనవారికి స్నైడరు. ఆంగ్లులకు లీ-మెట్‌ఫర్డు వచ్చిన పిదపనే మనవారికి మార్టినీ. మొదట చెప్పిన దండు నేలలో, బొల్లారమున, హైదరాబాదు కాంటింజెంటు అను సేన యుండెను. అది 1903లో భారతసైన్యములో కలిసిపోయినది. ఒక జాతి చేతికి ఎట్టి ఆయుధమందవలెనో మరియొకజాతి తూచి నిర్ణయించిన ఆ కాలపు అవమానమును మరవరాదు. 1878 నాటి ఆయుధశాసనము సామాన్యజనులయెడ ఆ పనినే చేసినది.

ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ప్రభుత్వము సైన్యపుతూటాలు బయటివారి తుపాకులకు పనికివచ్చునను భయముతో .450 కొలత రైఫిళ్లను దేశములోనికి రానీయలేదు. దాని ఫలముగా ఇంగ్లీషు తయారీదారులు .465, .470, .475, .476 అను క్రొత్తకొలతలను కల్పించిరి. వేటకాని తుపాకి కొలతను వేటమృగముగాక శాసనము నిర్ణయించుట ఇచ్చటనే చూచుచున్నాము. సైన్యపు కొలతలు ప్రజలకు తగవను ఆ భేదము స్వతంత్రభారతమునను నిలిచినది. అందుచేతనే కాన్పూరు కర్మాగారపు .32 రివాల్వరు పౌరులు లైసెన్సుతో పొందదగిన ఆయుధము.

అయితే రిమ్‌ఫైరు నశించెనని తలచుట పొరపాటు. పెద్దతుపాకులను వీడి, .22 కొలతలో అది నేటికిని బ్రతికియున్నది. ఒలింపిక్సులో 25 మీటర్ల పిస్టలుపోటీ ఆ తూటాతోనే జరుగును. హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు ఆ పోటీలో జట్టుతో స్వర్ణమును, వ్యక్తిగతముగా రజతమును గెలిచినది.

ఇక మొదట చెప్పిన రెండు బాటల నేలకు మరలుదము. మేడ్చల్ పారిశ్రామికవాడలో లేత్ యంత్రములకు కొదవ లేదు; పనిమంతులకును లేదు. 1998లో నెలకొన్న నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము శామీర్‌పేటలో నున్నది. యంత్రమేమి చేయగలదో తెలిసినవారును, శాసనమేమి చేయవలదన్నదో తెలిసినవారును ఇట్లొక్క ప్రాంతముననే యున్నారు. 1959 ఆయుధచట్టపు అయిదవ విభాగము, లైసెన్సు లేక ఆయుధమును తయారుచేయుటను, అమ్ముటను మాత్రమేగాక, మరమ్మతుచేయుటను, మార్చుటను గూడ నిషేధించినది. నలుబదియైదవ విభాగము పాతకాలపు ఆయుధములకు మినహాయింపునిచ్చినదిగాని, మరమ్మతు చేసినను చేయకున్నను పేలుటకు పనికిరానివానికే అది వర్తించును. తాతలనాటి తుపాకి యింట నున్నవారు దానిని పేల్పించు ఆశతో ఏ పనివాని చెంతకును కొనిపోక, లైసెన్సు గల ఆయుధవర్తకునికో, పోలీసువారికో చూపింపవలెనని కోరుచున్నాను.