తుపాను జాడ పట్టినవారు

కార్తీకమాసం వచ్చేసరికి కృష్ణాడెల్టా రైతుకు ఒక కన్ను చేనిమీద, ఒక కన్ను ఆకాశంమీద ఉంటుంది. సార్వా వరి కోతకు వచ్చేదీ, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ ఇంచుమించు ఒకే కాలంలో. గుడివాడ నుంచి కైకలూరు పోయే దారిలో ఉన్న ముదినేపల్లి వంటి గ్రామాలలో నేల బల్లపరుపుగా ఉంటుంది. పడిన వాన త్వరగా బయటికి పోదు. కోయని చేను గాలికి పడిపోతుంది. కోసి పనలమీద ఉంచిన వరి నీటిలో నాని మొలకెత్తుతుంది. కుప్ప వేసుకుంటే కొంత రక్షణ. కాని పనలు ఆరాలి, కూలీలు దొరకాలి. అందువల్ల తుపాను వస్తుందనే మాట రెండు మూడు రోజులు ముందుగా తెలియడమంటే ఒక సంవత్సరపు కష్టం చేతికి దక్కడమన్నమాట. సముద్రపుటొడ్డున ఉన్న దివిసీమవారికైతే అది ప్రాణాలు దక్కడమే.

ఈ ముందుమాట మనిషికి ఎట్లా అలవడినది? దాని వెనుక సుమారు రెండువందల ఏండ్ల చరిత్ర ఉన్నది. అందులో తొలి అడుగులు వేసినవారు వాతావరణోద్యోగులు కారు. వారు ఆసక్తికొద్దీ గాలిని, మేఘాన్ని కనిపెట్టి చూసిన సామాన్య పరిశీలకులు.

గాలి తిరిగే తీరు

18వ శతాబ్దంలో కోరమాండల్ తీరాన ఈస్టిండియా కంపెనీ కొలువులో జేమ్స్ కాపర్ అనే సైనికాధికారి ఉండేవాడు. ఈ తీరాన్ని తాకిన తుపానుల వృత్తాంతాలను పోల్చి చూసి, ఇవి తిన్నగా వీచే పెనుగాలులు కావనీ, పెద్ద సుడిగాలులనీ 1801లో ప్రకటించిన గ్రంథంలో వ్రాసినాడు. తర్వాత కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్టన్ అనే మాజీ నావికుడు, ఓడల కెప్టెన్ల దినచర్య పుస్తకాలను ఓపికతో సేకరించి, ఒక్కొక్క తుపాను నడిచిన దారిని పటాలమీద గీసినాడు. పాము చుట్ట అనే అర్థమిచ్చే గ్రీకు మాటనుండి ‘సైక్లోన్’ అనే పేరు పెట్టినది ఆయనే. 1848లో వెలువడిన తన పుస్తకంతోపాటు, గాలి దిశలు గుర్తించిన పారదర్శకమైన కొమ్ము రేకులను కూడా నావికులకు ఇచ్చినాడు. రేకును సముద్రపటంమీద పెట్టి తమ దగ్గర వీచే గాలితో సరిపోల్చుకుంటే తుపాను కేంద్రం ఎటు ఉన్నదో తెలిసేది.

ఆ రేకు చెప్పే సూత్రం విద్యార్థులకు కూడా సులభమే. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. కనుక గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం సుమారుగా మన కుడిచేతి వైపున ఉంటుంది. మచిలీపట్నంలో గాలి ఈశాన్యంనుండి వీస్తుంటే కేంద్రం ఆగ్నేయంగా, అంటే సముద్రంలో ఉన్నది. గాలి క్రమంగా ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగితే తుపాను మనకు ఉత్తరంగా దాటిపోతున్నది. తూర్పుకూ ఆగ్నేయానికీ తిరిగితే అది దక్షిణంగా, బాపట్ల వైపుగా దాటుతున్నది. ఈ రెండవదే బందరుకు, దివిసీమకు అపాయకరం. ఎందుకంటే అప్పుడు గాలి సముద్రాన్ని నేలమీదికి నెడుతుంది. తీరం వెంబడి సముద్రం లోతు తక్కువ కావడంవల్ల నెట్టబడిన నీరు అడుగుకు జారిపోలేక పైకి లేస్తుంది. అదే ఉప్పెన.

విశాఖలో ఒక వేధశాల

ఇటువంటి పరిశీలకులలో తెలుగువారు కూడా ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో తన సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పినాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపినాడు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని ఆయన అక్కడినుండే పరిశీలించినాడు. నక్షత్రాలతోపాటు వాయుభారం, ఉష్ణోగ్రత, వర్షపాతం కూడా అక్కడ లెక్కకెక్కినవి.

ప్రతిరోజూ ఒకే వేళకు అంకెలు వ్రాసుకొనడంవల్ల ప్రయోజనమేమని అడగవచ్చు. మన ప్రాంతంలో భారమితి రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పదిగంటల ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది. ఈ నిత్యక్రమం తెలిసినవానికే అది తప్పినప్పుడు తెలుస్తుంది. పెరగవలసిన వేళ భారమితి తగ్గుతున్నదంటే సముద్రంలో ఏదో జరుగుతున్నదని అర్థం.

1864 నేర్పిన పాఠం

ఐతే ఒకచోట ఒక భారమితి ఉంటే చాలదు. పలుచోట్ల కొలతలు ఒకచోట చేరాలి. అక్కడినుండి హెచ్చరిక తిరిగి తీరానికి చేరాలి. ఈ సంగతి ఘోరమైన రీతిలో రుజువయింది. 1864 అక్టోబరు 5న కలకత్తాను పెనుతుపాను ముంచివేసినది. నెల తిరగకముందే, నవంబరు 1వ తేదీ రాత్రి, మచిలీపట్నంమీద ఉప్పెన విరుచుకుపడినది. పట్టణంలోను, చుట్టుపట్ల గ్రామాలలోను సుమారు 30,000 మంది మరణించినారు. అప్పటికి తుపాను సుడిగాలి అని తెలిసి అరవై ఏండ్లు దాటినవి. కాని ఆ తెలివిని కబురుగా మార్చి ఈ తీరానికి పంపే ఏర్పాటు ఏదీ లేదు.

మరుసటి సంవత్సరమే, 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల పద్ధతి ప్రారంభమైనది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది, హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి తొలి అధిపతి. 1886 నాటికి దేశంలోని రేవులన్నిటికీ హెచ్చరికలు అందసాగినవి. తంతి రాగానే రేవులో పగలు గుర్తులు, రాత్రి దీపాలు ఎగురవేసేవారు. ఒకటినుండి పదకొండు వరకు ఉన్న ఈ ప్రమాద సూచికలను నేటికీ వార్తలలో వింటున్నాము. పదవది మహాప్రమాదానికి గుర్తు. పదకొండవదానికి అర్థం వేరు: హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయినదని. అన్నిటికంటె పెద్ద అంకెను గాలి వేగానికి కాక, కబురు అందకపోవడానికి కేటాయించడం ఆలోచించదగిన విషయం.

దివిసీమ ఉప్పెన

1977 నవంబరు రెండవవారంలో ఆగ్నేయ బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టినది. మొదట పడమరగా సాగినది. 17వ తేదీన దాని సుడిలో చిక్కుకున్న ఒక వర్తకనౌక గంటకు 190 కిలోమీటర్లకు పైబడిన గాలిని తెలిపినది. పిమ్మట తుపాను ఉత్తరానికి తిరిగి, 19వ తేదీన చీరాల ప్రాంతంలో తీరం దాటినది. కేంద్రానికి కుడివైపున ఉన్నది దివిసీమ. సుమారు 5 మీటర్ల ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామాలను తుడిచిపెట్టినది. మృతులు సుమారు 10,000 మంది.

నాటికి ఉపగ్రహ చిత్రాలు అందుతున్నవి. రేడియోలో హెచ్చరికలు వెలువడినవి. కాని ఎన్ని పూరిళ్లలో రేడియో ఉన్నది? ఉన్నచోట ఆ మాట విని పోవడానికి ఎత్తైన పక్కా కట్టడం ఎక్కడున్నది? 1864లో కబురే పుట్టలేదు. 1977లో కబురు పుట్టినది గాని కాళ్లు లేక దారిలో ఆగిపోయినది.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం తర్వాత సాగినది. తీరం వెంబడి తుపాను రక్షణ కట్టడాలు లేచినవి. 1981లో మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే రాడార్ నెలకొన్నది. 1990 మే 9న దాదాపు అంతటి తుపాను కృష్ణ సాగరసంగమం వద్దనే తీరం దాటినది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించినారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపున ఆగినది. అదీ చిన్న సంఖ్య కాదు. కాని 1977తో పోల్చితే హెచ్చరిక విలువ ఎంతో తెలుస్తుంది. 2004లో అదే పట్నానికి డాప్లర్ రాడార్ వచ్చినది. మేఘంలోని వాన ఎటు, ఎంత వేగంతో కదులుతున్నదో అది చూపగలదు.

నేటి పరిశీలకులు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినది. దానికి కొన్ని రోజులు ముందునుంచే రైతులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు ఫోనులలో ఉపగ్రహ చిత్రాలు, తుపాను దారి పటాలు చూడగలిగినారు. ముందే తెలిసినా కృష్ణాడెల్టాలో వరి నష్టం తప్పలేదు. కూలీలు, యంత్రాలు, పరదాలు అందరికీ ఒక్కసారిగా కావలసివస్తే దొరకవు.

ఆ పటాలు చూసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పటంలో ముందుకు పోయినకొద్దీ వెడల్పయ్యే పట్టీ తుపాను వైశాల్యం కాదు. కేంద్రం ఆ పట్టీలో ఎక్కడినుంచైనా పోవచ్చునని అర్థం. మధ్యగీత తన ఊరిమీద లేదని నిశ్చింతగా ఉండరాదు. 1977లో చీరాల దగ్గర దాటిన తుపాను ప్రాణాలు తీసినది దివిసీమలో.

పాఠశాలలో ఒక భారమితి, ఒక వర్షమాపకం, గాలి దిశ చూపే సూచిక ఉంటే విద్యార్థులు ప్రతిరోజూ అంకెలు వ్రాసి, వాటిని మచిలీపట్నం సమాచారంతో సరిపోల్చవచ్చు. తుపాను ఎక్కడ దాటుతుందో చెప్పవలసినది వాతావరణశాఖే. కాని ఆ మాటను అర్థం చేసుకొని, ఇంటి పెద్దలకు విప్పిచెప్పి, చివరి గడపదాకా చేర్చవలసినవారు ఊరిలోనే ఉండాలి. పదకొండవ సూచిక అవసరం పడకుండా చూడగలిగినది వారే.