చిన్న తాగునీటి పథకాల్లో ఫ్లోరైడ్ తొలగింపు: ఖర్చుల చరిత్ర

బోరు నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతులు తెలుగు ప్రాంతాలకు దశాబ్దాలుగా తెలుసు. వాటిని ఒక చిన్న ఊరు ఏళ్ల తరబడి నడుపుకోగలగడమే కష్టమైంది.

భారతదేశంలో ఫ్లోరైడ్ ఎక్కువైన నీటి వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే పరిశోధకుడి బృందం వెల్లడించింది. 1955లో నల్లగొండ జిల్లా బాధితుల వివరాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతిస్తారు.

1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) చవకైన మార్గం చూపింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. బకెట్ నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తర్వాత పటిక ద్రావణం పోసి పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. అడుగుకు కాస్త పైనున్న కుళాయి నుంచి తేరిన నీటిని పట్టుకోవాలి. సరుకులన్నీ బజారులో దొరికేవే. కానీ బురద నీటిని తేర్చడానికి చాలే పటిక ఇక్కడ చాలదు, లీటరుకు వందల మిల్లీగ్రాములు కావాలి. ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మోతాదు మారుతుంది కనుక పరీక్ష తప్పదు. ఊరంతటికీ ప్లాంటు పెడితే ఆపరేటర్ జీతం, మడ్డి పారబోత అదనం. రసాయనాలతో పాటు ఈ రోజువారీ ఖర్చులూ పంచాయతీలకు బరువయ్యాయి.

తర్వాత వచ్చిన యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లకు రోజూ మందు కలిపే పని లేదు. అయితే వాటి శక్తి తగ్గినప్పుడల్లా కాస్టిక్ సోడాతో, ఆపై ఆమ్లంతో కడగాలి. రివర్స్ ఆస్మాసిస్ (ఆర్‌వో) ప్లాంట్లకు కరెంటు, కొత్త మెంబ్రేన్లు కావాలి. పైగా తోడిన నీటిలో పెద్ద భాగం వృథాగా పోతుంది, కరువు ప్రాంతంలో అది చిన్న నష్టం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం 20 లీటర్ల క్యాన్‌ను 2 రూపాయలకే ఇచ్చింది. ఆ నీరు తాగడానికే సరిపోతుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటితోనే వండితే అది అన్నంలోకీ చేరుతుంది.

అయితే నల్లగొండ వాసులు అడిగింది ఇలాంటి ప్లాంట్లను కాదు, నది నీటిని. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నిరసనగా మూకుమ్మడి నామినేషన్లు వేయడంతో అక్కడ 480 మంది బరిలో నిలిచారు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి జలాలను పెద్ద ప్లాంట్లలో శుద్ధి చేసి పైపుల ద్వారా పంపుతోంది. పెట్టుబడి వేల కోట్లలో ఉన్నా, ఫ్లోరైడ్‌ను తొలగించే భారం ఊరిపై ఉండదు. ట్యాంకు శుభ్రత, క్లోరినేషన్, పైపుల మరమ్మతు మాత్రం ఊళ్లోనే జరగాలి.