దశావతారాల్లోకి డార్విన్ ఎలా వచ్చాడు

మత్స్యం నీటి ప్రాణి. కూర్మం నీళ్ళలోనూ నేలమీదా తిరిగేది. వరాహం నేలమీది జంతువు. నరసింహుడు సగం మృగం, సగం మనిషి. వామనుడు పొట్టి మనిషి, పరశురాముడు గొడ్డలి పట్టిన మనిషి, రాముడు రాజ్యమేలిన మనిషి. కాబట్టి డార్విన్ చెప్పింది మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు! ఈ మాట చెవిన పడని తెలుగువాళ్ళు అరుదు. పురాణ కాలక్షేపంలో వింటాం, సైన్సు మాస్టారి నోట వింటాం, పెళ్ళి పందిట్లో కూడా వింటాం. వ్యాసుడి నాటి నుంచీ ఉన్న మాటేనేమో అనిపిస్తుంది. కానీ దాని తొలి అచ్చు రూపాల్లో బాగా పేరున్నది 1877లో న్యూయార్క్‌లో వెలువడింది.

రాసింది హెలీనా బ్లావట్‌స్కీ. రష్యా నుంచి అమెరికా చేరి, 1875లో కల్నల్ ఆల్కాట్ తదితరులతో కలిసి దివ్యజ్ఞాన సమాజం పెట్టిన స్త్రీ. ఆమె రెండు సంపుటాల 'ఐసిస్ అన్‌వీల్డ్'లో మత్స్యం మొదలు అవతారాలను వరసగా పేర్చి, జీవజాతులు అంచెలంచెలుగా మారిన చరిత్ర ఇందులో ఉందని వాదించింది. అప్పటికి డార్విన్ 'జాతుల పుట్టుక' వచ్చి పద్దెనిమిదేళ్ళు. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించాడని నమ్మే క్రైస్తవ సమాజం ఆ పుస్తకంతో తల్లడిల్లుతోంది. బ్లావట్‌స్కీకి చర్చి మీదా కోపమే, ఆత్మను ఒప్పుకోని సైన్సు మీదా కోపమే. తూర్పు దేశాల జ్ఞానం ఈ రెంటికన్నా పాతదీ పెద్దదీ అని చూపడం ఆమె పట్టుదల. దశావతారాలు అందుకు చక్కగా పనికొచ్చాయి. 1888లో వెలువడిన మరో పెద్ద గ్రంథంలో మనిషి కోతిజాతి నుంచి వచ్చాడన్న మాటను ఆమె గట్టిగా కాదంది. అంటే అవతారాలకు డార్విన్‌ను జత చేసిన మనిషే డార్విన్ అసలు మాటను ఒప్పుకోలేదు. ఈ సంగతి మనదాకా రాలేదు, పోలిక మాత్రం వచ్చింది.

1882 ఏప్రిల్ 19న డార్విన్ చనిపోయాడు. కొద్ది రోజులకే, మే మొదట్లో, బ్లావట్‌స్కీ, ఆల్కాట్ మద్రాసులో పడవెక్కి బకింగ్‌హాం కాలువ మీద నెల్లూరు బయల్దేరారు. అప్పటికి నెల్లూరుకు రైలు లేదు. కాలువ సముద్రం ఒడ్డునే సాగుతుంది, ఊరు లోపలికి ఉంది కాబట్టి చివర కాలువ వదిలి నేలదారి పట్టాలి. నెల్లూరులో ఉపన్యాసాలు జరిగాయి, సమాజానికి ఒక శాఖ ఏర్పడింది. మళ్ళీ కాలువ పట్టి పెదగంజాం దాకా, అక్కణ్ణించి గుంటూరు. తిరిగి మద్రాసు చేరాక, ఆ మే నెలాఖరులోనే అడయారు తోట చూసి నచ్చి, కొనాలని నిశ్చయించుకున్నారు. సమాజం ప్రధాన కార్యాలయం నేటికీ అక్కడే ఉంది.

నెల్లూరులో వాళ్ళకు అంత ఆదరణ ఎందుకు దొరికిందో తెలియాలంటే ఆ కాలువ కథే చూడాలి. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే సర్కారు కరువు పనిగా ఆ కాలువలో కొంత భాగాన్ని తవ్వించింది. అందులో మూడున్నర మైళ్ళ ముక్కను ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకుని ఆకలిగొన్న వాళ్ళకు పని చూపించాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. నెల్లూరు పట్టణంలో బాప్టిస్టు మిషన్ 1840 నుంచీ ఉంది.

నాలుగేళ్ళ తర్వాత అదే కాలువ మీద బ్లావట్‌స్కీ పడవ వచ్చింది. చేపనూ పందినీ మొక్కుతారని మిషనరీలు ఎగతాళి చేస్తుంటే, ఇంగ్లీషు చదివిన వకీళ్ళకూ ఉపాధ్యాయులకూ సర్కారు ఉద్యోగులకూ ఒక తెల్లదొరసాని మీ పురాణాల్లో సైన్సు ఉందని చెప్పడం ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. పరాయి పాలనలో తల దించుకున్న వాళ్ళకు అది తల ఎత్తుకునే మాట. దాన్ని నేను చిన్నచూపు చూడలేను. అదే ఏడు కలకత్తాలో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ కూడా తన ఉపన్యాసంలో అవతారాలను ఇలాగే జీవుల మెట్ల వరసగా వివరించాడు. అవసరం అందరిదీ ఒకటే.

అయితే ఆ వరస పురాణంలో నిజంగా ఉందా? భాగవతం ప్రథమ స్కంధం తెరవండి. అక్కడ ఇరవైకి పైగా అవతారాలున్నాయి. మొదటిది సనకాదులు, అంటే మనుషుల రూపమే. రెండోది వరాహం. మూడోది నారదుడు. మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. పోతన తెలుగులోనూ ఇదే క్రమం. చేపకన్నా ముందే పందీ మునులూ వచ్చేశారు. ఇంకా వెనక్కి వెళితే, శతపథ బ్రాహ్మణంలో మనువును ప్రళయం నుంచి కాపాడిన చేపను విష్ణువని చెప్పలేదు. వైదిక గ్రంథాల్లో వరాహం, కూర్మం ప్రజాపతికి చెందినవి. ఎన్నో వందల ఏళ్ళు గడిచాక అవన్నీ విష్ణువు చుట్టూ చేరాయి, తర్వాత పది అయ్యాయి. ఆ పదిలోనూ ఒకచోట బుద్ధుడుంటే మరోచోట బలరాముడు ఉంటాడు. పెన్న ఒడ్డున నరసింహకొండ ఎక్కే భక్తుడు అక్కడి స్వామిని జంతువుకూ మనిషికీ మధ్య మెట్టుగా తలచి మొక్కడు. ప్రహ్లాదుడి పిలుపుకు స్తంభంలోంచి వచ్చిన దేవుడని మొక్కుతాడు. అవతారమంటే ధర్మం కోసం భగవంతుడు కావాలని దిగిరావడం. పరిణామానికి అలాంటి సంకల్పం లేదు, గమ్యమూ లేదు. చేప తాబేలు కాలేదు, తాబేలు పంది కాలేదు. ఇవాళ్టి చేపా ఇవాళ్టి మనిషీ ఒకే పూర్వికుల నుంచి వేరుపడిన కొమ్మలు.

సంకల్పం లేదన్నదే డార్విన్‌నూ బాధించింది. 1860లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలో, గొంగళిపురుగు బతికుండగానే దాన్ని లోపల్నుంచి తినే కందిరీగను దయామయుడైన దేవుడు కావాలని సృష్టించాడని నమ్మలేకపోతున్నానన్నాడు. కాండం తొలుచు పురుగు గుడ్లను చంపడానికి మన వరి రైతులు చేలో కట్టే ట్రైకోగ్రామా కార్డుల్లోని చిన్న కందిరీగ కూడా అలా పరాన్నభుక్కుగా బతికేదే. కర్మను, లీలను నమ్మే మన తాత్వికులు ఈ ప్రశ్నకు ఏం జవాబు చెబుతారన్నది గొప్ప చర్చ కావలసింది. 'మాకు ముందే తెలుసు' అన్నాక ఇక చర్చకు చోటేది?

జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా దశావతారాలు వెన్నెముక ఉన్న జీవుల పరిణామానికి స్థూలంగా సరిపోతాయన్నాడు. ఆ మాటను మనవాళ్ళు తరచూ ఎత్తుతారు. కానీ మనిషికీ జంతువుకూ మధ్య గోడ కట్టని భారతీయ దృష్టి ఆయనకు అంతకన్నా విలువైనదిగా తోచింది. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చాడు, భారత పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చదువు కోసం ఇచ్చారు.

2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు దశావతార సిద్ధాంతం డార్విన్ సిద్ధాంతం కన్నా మేలైనదన్నారు. 1882లో ఆ మాట పాలితుల ఆత్మగౌరవం. స్వతంత్ర దేశంలో, విశ్వవిద్యాలయ అధిపతి పిల్లల ముందు అంటే అది చదువుకు చేటు.

ఈ పోలిక కమ్మేసిన అసలు విషయం మరొకటుంది. పరిణామం ప్రకారం మనుషులందరిదీ ఒకే వంశం. ఒకరు ముఖం నుంచీ ఇంకొకరు పాదం నుంచీ పుట్టారన్న మాటకు అక్కడ తావు లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో జనసమూహాలు విస్తృతంగా కలిసిపోయాయి. కులం లోపలే పెళ్ళిళ్ళన్న కట్టుబాటు తర్వాత బిగుసుకున్నది. బకింగ్‌హాం కాలువ తవ్విన మాదిగలకూ, దాని మీద వచ్చిన అతిథుల ఉపన్యాసం విన్న వకీళ్ళకూ తాతలు ఒకటే. నెల్లూరు సభల్లో డార్విన్‌ను ఎవరైనా ఈ వైపు నుంచి చదివుంటే ఊళ్ళో ఎంత కలకలం రేగేదో!

కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఇటీవల పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామం పాఠాన్ని తీసేసింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని తిరిగి పెట్టమని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో అది ఉంది, కానీ జీవశాస్త్రం తీసుకున్న వాళ్ళకే. కాబట్టి మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే రెండు కథలూ చెప్పండి. పోతన భాగవతంలోని మత్స్యావతారాన్ని భక్తి కథగా చెప్పండి, నీళ్ళు వదిలి నేలకెక్కిన చేపల కథను సైన్సుగా చెప్పండి. రెంటినీ కలపకండి.