కొండదారిలో మూడు సైకిళ్ళు, మరచిపోయిన ఒక ప్రశ్న



ఇటీవల మా మనుమడు మిత్రులతో కలిసి గేర్ల సైకిళ్ళ మీద నల్లమలకు ప్రయాణమయ్యాడు. బయలుదేరే ముందురోజు నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, హెల్మెట్లు, పంక్చరు సామాను, మంచినీళ్ళు, గ్లూకోజు పొడి అన్నీ సర్దుకున్నాం. ఇంకేమైనా మరిచామా?" అని అడిగాడు. ఆ చిన్న ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నేను దాదాపు అర్ధశతాబ్దం వెనక్కు, సున్నిపెంటకు వెళ్ళవలసి వచ్చింది. అతనికి చెప్పినదే కొంత వివరంగా మీకూ చెబుతాను.

నల్లమలలో ప్రయాణించడం మన పూర్వులకు కొత్త కాదు. శ్రీశైల మల్లన్నను, ఆళ్ళగడ్డకు చేరువలోని అహోబిల నరసింహుని దర్శించడానికి శతాబ్దాలుగా జనం ఈ కొండలెక్కుతూనే ఉన్నారు. పధ్నాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. ఛత్రపతి శివాజీ 1677లో, కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలం వచ్చారు. మెకంజీ తాను చూచిన దానిని వ్రాసి ప్రచురించాడు కూడా. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, అహోబిలం, మహానంది చూచుకొని ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరాడు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను అనే మజిలీల మీదుగా సాగే ఆ పాత మెట్లదారిలో నేటికీ శివరాత్రికి, ఉగాదికి భక్తులు కాలినడకన వెళుతుంటారు.

ఆ రోజుల్లో యాత్రికులు ఒంటరిగా అడవిలో అడుగుపెట్టేవారు కారు. గుంపుగా నడిచేవారు, దారి తెలిసిన చెంచులను తోడు తీసుకొనేవారు. పులికి, దొంగలకు భయపడేవారు. వాటికంటె మిన్నగా భయపడినది కొండజ్వరానికి. చలితో ఒళ్ళు వణికించి, మంటలా కాల్చి, చెమటలు పోయించి, మళ్ళీ రెండోనాడో మూడోనాడో తిరిగివచ్చే ఆ జ్వరానికి చలిజ్వరమని, మన్యపు జ్వరమని పేర్లు. కారణం తెలియక కొండనీటిని, చెడుగాలిని నిందించేవారు. కారణం తెలియకపోయినా ఒక్క సంగతి మాత్రం వారికి బాగా తెలుసు: కొండకు వెళ్ళివచ్చిన మనిషికి జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదని. వైద్యపట్టా చేతికి వచ్చిన నాకు అదే తెలియకపోయింది.

1963 జులై 24న జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టు పనివారి కోసం, ఇంజనీర్ల కోసం కొండ మీద పెరిగిన ఊరు సున్నిపెంట. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. అప్పుడు కర్నూలు జిల్లా. 1976 అక్టోబరు చివర, హౌస్ సర్జన్సీ ముగించుకున్న కొత్తలో, నేను అక్కడికి వెళ్ళాను. ప్రాజెక్టులో జూనియర్ ఇంజనీరుగా ఉన్న బాల్యమిత్రుని క్వార్టరులో బస. మా మూడవ మిత్రుడు కళాశాలలో తెలుగు అధ్యాపకుడు. వీరాస్వామయ్య వెళ్ళిన అడవిని మనమూ చూడాలన్న ఆలోచన అతనిదే. నడక అంటే నేనూ ఇంజనీరూ వెనుకాడాము. చివరకు మూడు సైకిళ్ళు సంపాదించి, సున్నిపెంట నుంచి దోర్నాలకు దిగి, అక్కడినుంచి అడవిదారిన బైర్లూటి మీదుగా ఆత్మకూరు చేరాలని నిర్ణయించుకున్నాము.

మావి గేర్లు లేని నల్ల సైకిళ్ళు. కడ్డీ బ్రేకులు, వెనుక క్యారియర్, దాని మీద దుప్పటి, అటుకులు, బెల్లం. ఎక్కుడులో దిగి తోసుకుంటూ నడిచేవాళ్ళము. దిగుడులో బ్రేకు వదలడానికి భయం. పట్టుకుంటే రబ్బరు కమురు వాసన. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ నెలలోనే, 1976 అక్టోబరు 21న, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళ మీద కొండ దిగే పందెం మొదటిసారి పెట్టుకున్నారు. దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులో గ్రీజు కాలిపోయేది. మళ్ళీ నింపుకోవలసి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, టామ్ రిచీ వంటివారి చేతుల్లో ఆ ఆట నుంచే నేటి మౌంటెన్ బైక్ పుట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో దానికి స్థానం దక్కింది. మా మనుమడు ఎక్కిన సైకిలు వంశవృక్షం అదే. మాకు అప్పుడు ఇవేవీ తెలియవు. సైకిలు మీద కొండ దిగే ఆనందం మాత్రం తెలిసింది.

ఆ రాత్రి బైర్లూటి దగ్గర ఒక చెంచుగూడెం పక్కన పడుకున్నాము. వానలు వెనుకబడిన కాలం. వాగు సన్నగా పారుతున్నది. గూడెం పెద్ద మమ్మల్ని చూచి, నెగడు దగ్గరగా పొగలో పడుకొమ్మన్నాడు. నేనూ ఇంజనీరూ అలాగే చేశాము. పొగ పడని అధ్యాపకుడు వాగు ఒడ్డున బండ మీద పడుకొని, చుక్కలు చూస్తూ చాలాసేపు మేలుకొని ఉన్నాడు. మరునాడు ఆత్మకూరు చేరి, కులాసాగా ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయాము.

పన్నెండు రోజుల తరువాత అధ్యాపకునికి జ్వరం వచ్చింది. నేనే చూశాను. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు. టైఫాయిడ్ అనుకొని, ఆనాటి వాడుక ప్రకారం క్లోరాంఫెనికాల్ మొదలుపెట్టాను. అయిదవ రోజున అతని మాట తడబడింది. సాయంత్రానికి కన్నతల్లిని గుర్తుపట్టలేదు. ఆసుపత్రిలో చేర్చాము. అక్కడి ప్రయోగశాలలో ఒక వృద్ధ టెక్నీషియన్ ఉండేవాడు. రక్తం తీస్తూ నన్ను అడిగాడు: "ఈ అయ్యవారు ఈ మధ్య ఏమన్నా కొండకు పొయ్యొచ్చినారా సార్?"

నాకు నోట మాట రాలేదు. ఆ కొండకు అతనితో వెళ్ళినవాణ్ణి నేనే. అయిదు రోజులు అతని మంచం పక్కన కూర్చుని కూడా ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు. గంటసేపటిలో ఆ పెద్దాయన సూక్ష్మదర్శిని నా వైపు తిప్పాడు. ఎర్రకణాలలో సన్నని ఉంగరాలు, ఒక్కొక్క కణంలో రెండేసి. ప్లాస్మోడియం ఫాల్సిపారం, మెదడుకు ఎక్కే మలేరియా. క్వినైన్ సెలైనులో కలిపి ఎక్కించాము. మూడవ రోజున అతను కళ్ళు తెరిచి అమ్మను పిలిచాడు. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే ఈ వ్యాసం మరొక విధంగా ముగిసేది.

ఎందుకు తప్పు చేశాను? ఇది నా వ్యక్తిగత అజ్ఞానమే అయినా, దాని వెనుక ఒక చరిత్ర ఉంది. 1880లో అల్జీరియాలో లావెరాన్ మలేరియా క్రిమిని రోగి రక్తంలో చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదని, ఎనిమిది లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. ఇంటింటా డి.డి.టి. చల్లారు, జ్వరం వచ్చిన ప్రతివారి రక్తమూ పరీక్షించారు. 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్షకు దిగివచ్చాయి. అది అపూర్వ విజయం.

ఆ విజయమే మమ్మల్ని ఏమరుపాటులో పడవేసింది. మేము చదువుకున్న రోజుల్లో మలేరియా 'వెళ్ళిపోతున్న జబ్బు'. కాని దోమలు మందుకు అలవాటుపడ్డాయి, మందుల సరఫరా తగ్గింది, నిఘా సడలింది. 1976లో దేశంలో కేసుల సంఖ్య 64 లక్షలు దాటింది. మేము సైకిళ్ళెక్కిన సంవత్సరం అదే. ఆ టెక్నీషియన్ 1950లలో మలేరియా పథకంలో పల్లెపల్లెకూ తిరిగినవాడు. పాఠ్యపుస్తకం మరచిన ప్రశ్నను అతను మరువలేదు.

ఇప్పుడు మళ్ళీ అటువంటి కాలమే వచ్చింది. 2015లో 11 లక్షలకు పైగా ఉన్న కేసులు 2023 నాటికి రెండు లక్షల పైచిలుకుకు తగ్గాయి. 2030 నాటికి మలేరియాను పూర్తిగా తొలగించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఇది సంతోషించవలసిన విషయం. ఏమరుపాటు పనికిరాని సమయం కూడా ఇదే.

కాబట్టి కొండలకు, అడవులకు వెళ్ళే యువతకు నా మనవి ఇది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ సందెవేళ నుంచి తెల్లవారే వరకు కుడుతుంది. దానిలో ఫ్లూవియాటిలిస్ అనే జాతి నెమ్మదిగా పారే కొండవాగులలో పెరుగుతుంది. అందుచేత వాగు ఒడ్డున ఆరుబయట పడుకోవద్దు. సాయంత్రమయ్యేసరికి నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకోండి. ఒంటికి దోమల నివారిణి పూసుకోండి. మందు పట్టించిన దోమతెర వెంట తీసుకువెళ్ళండి. ముందుజాగ్రత్త మాత్రలు అవసరమా కాదా అన్నది మీ వైద్యుడు నిర్ణయించాలి.

తిరిగి వచ్చాక జ్వరం వస్తే, అది వారానికి వచ్చినా నెలకు వచ్చినా, వెంటనే మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. ఫాల్సిపారం సాధారణంగా తొమ్మిది నుంచి పధ్నాలుగు రోజులలో బయటపడుతుంది. వైవాక్స్ కాలేయంలో దాగి కొన్ని నెలల తరువాత కూడా పైకి రాగలదు. పరీక్ష లేకుండా మాత్రలు మింగవద్దు. మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో మానవద్దు. వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి: "నేను ఫలానా తేదీలలో అడవికి వెళ్ళివచ్చాను." నా వంటి యువ వైద్యుడు మరచిపోవచ్చు.

మరొక్క మాట. అడవిని నిందించడం నా ఉద్దేశం కాదు. మనం రెండు రోజులు ఉండి వచ్చే చోట చెంచులు ఏడాది పొడవునా ఆ దోమల నడుమ బ్రతుకుతున్నారు. అంతేకాదు, జబ్బు అడవి నుంచి ఊరికే రాదు. రక్తంలో క్రిమితో వెళ్ళిన యాత్రికుడు దానిని గూడేనికీ చేర్చగలడు. జ్వరంతో ఉన్నవారు ప్రయాణం మానుకోవడం వారి పట్ల మన కనీస బాధ్యత. నల్లమలలో చాలా భాగం నేడు పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే దారి తప్పి లోపలికి సైకిలు తిప్పరాదు.

మా అధ్యాపక మిత్రుడు ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాడు. మనుమడి ప్రశ్న సంగతి ఫోనులో చెబితే పెద్దగా నవ్వి, "దోమతెర మరిచారని చెప్పు" అన్నాడు.

మనుమడు సుఖంగా తిరిగివచ్చాడు. వచ్చిన తేదీని మా గోడ క్యాలెండరులో గుర్తుపెట్టాను. మరో నెల రోజుల పాటు అతను ఎప్పుడు తుమ్మినా నా చూపు ఆ తేదీ మీదికే పోతుంది.