లైనుకి 80 అక్షరాలే ఎందుకు? ఒక రూల్ వెనకున్న 92 ఏళ్ల కథ

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి మొదటిసారి కోడ్ పంపినవాళ్లలో చాలామందికి ఈ దెబ్బ తగిలే ఉంటుంది. రాత్రంతా కూర్చుని బగ్ పట్టుకుంటారు, ఫిక్స్ చేస్తారు, పంపిస్తారు. జవాబు ఏమొస్తుంది? లైను పొడవెక్కువైంది, స్పేసులు కాదు ట్యాబ్ వాడండి, సరిచేసి మళ్లీ పంపండి అని. లాజిక్ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఒళ్లు మండుతుంది కదా? పనిచేసే కోడ్‌కి ఈ తలనొప్పి ఎందుకు అనిపిస్తుంది.

అసలు ఈ రూల్స్ ఎక్కడ పుట్టాయో ఇవాళ చూద్దాం. ఉదాహరణగా లినక్స్ కెర్నల్‌ని తీసుకుంటున్నా. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే, లోపల నడుస్తున్నది అదే.

మొదట 1928కి వెళ్దాం. అప్పటికి మనం అనుకునే కంప్యూటరే లేదు. లెక్కల యంత్రాల కోసం ఐబీఎం ఒక అట్టముక్క తెచ్చింది. పేరు పంచ్ కార్డు. దాని మీద 80 నిలువు వరసలు, ఒక్కో వరసలో ఒక అక్షరానికి సరిపడా చిల్లులు. తర్వాత ప్రోగ్రామింగ్ వచ్చాక ఒక కార్డంటే ఒక లైను కోడ్ అయింది. 81వ అక్షరం రాద్దామంటే అట్టే లేదు! కార్డులు పోయి స్క్రీన్లు వచ్చాయి గానీ ఆ అంకె పోలేదు. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్ చాలా ఫేమస్. దాని మీద 24 లైన్లు, లైనుకి 80 అక్షరాలు.

ఇప్పుడు 1991. ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ లినక్స్ మొదలుపెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి కోడ్ పంపడం మొదలైంది. ఒక్కొక్కరిది ఒక్కో రకం రాత. అందుకే కెర్నల్‌తో పాటే కోడింగ్ స్టైల్ అని ఒక డాక్యుమెంట్ పెట్టారు. అందులో రెండు రూల్స్ చూడండి. ట్యాబ్ అంటే 8 అక్షరాల వెడల్పు. లైను 80 దాటకూడదు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో లెక్కేయండి. ఇఫ్ లోపల లూపు, లూపు లోపల ఇంకో ఇఫ్ అంటూ మూడు మెట్లు లోపలికి వెళ్తే 24 అక్షరాలు ఖాళీగానే పోతాయి. మిగిలేది 56. ఇంకా లోపలికి వెళ్తే రాయడానికి చోటే ఉండదు. అంటే ఆ ఫంక్షన్‌ని చిన్న ముక్కలు చేయక తప్పదు. ఇరుకు కావాలనే పెట్టారన్నమాట. మూడు మెట్ల కంటే ఎక్కువ కావాల్సి వస్తే తప్పు మీ ప్రోగ్రాంలోనే ఉందని ఆ డాక్యుమెంట్ మొహం మీదే చెప్తుంది.

ఇంకో సంగతి. కెర్నల్‌కి కోడ్ పంపేది మామూలు ఈమెయిల్‌లో. చదివినవాళ్లు మీ లైన్ల మధ్యలోనే జవాబు రాస్తారు. ప్రతి జవాబుకీ లైను ముందు ఒక గుర్తు చేరి, లైను కొంచెం కుడికి జరుగుతుంది. అలాంటిచోట పొట్టి లైను చదివేవాడి కళ్లకి పెద్ద సాయం.

సరే, ఇదంతా చదవడానికి సుఖమే, ప్రమాదం ఎక్కడుంది అంటారా? 2014 ఫిబ్రవరి. ఐఫోన్లలో ఒక బగ్ బయటపడింది. అవతలున్నది నిజంగా మీ బ్యాంకు సర్వరేనా అని చూసే కోడ్‌లో 'గోటు ఫెయిల్' అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండో లైను కూడా మొదటిదాని కిందే అంతే లోపలికి జరిగి ఉంది. చూసిన కంటికి అది కూడా ఇఫ్ లోపలిదే అనిపిస్తుంది. కంప్యూటర్‌కి కాదు. బ్రాకెట్లు లేవు కాబట్టి ఆ లైను ప్రతిసారీ నడిచింది, సంతకం సరిచూసే అసలు పని ఎగిరిపోయింది. ఆపిల్ హడావిడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది.

బ్రాకెట్లు తప్పనిసరి అనే రూల్ ఉంటే సరిపోయేదిగా అనొచ్చు. కానీ కెర్నల్ స్టైల్ కూడా ఇఫ్ కింద ఒక్క లైనే ఉంటే బ్రాకెట్లు వద్దనే అంటుంది. రూల్ పుస్తకం ఒక్కటే కాపాడదు. అందుకే మనిషి కన్ను పడాల్సిన పనిలో కొంత మెషీన్‌కి ఇచ్చారు. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్, జరిపిన తీరు ఒకటి, అర్థం ఇంకోటి అయితే వార్నింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది. కెర్నల్ వాళ్లకి చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు ఉంది, పంపేముందే తప్పులు చూపిస్తుంది. గో భాష అయితే గోఫమ్‌ట్ అనే టూల్‌తో ఈ గొడవకే ఫుల్‌స్టాప్ పెట్టింది. సేవ్ చేస్తే చాలు, అందరి కోడ్ ఒకేలా సర్దుకుంటుంది.

మరి 80 సంగతి? 2020 మేలో అదీ కదిలింది. స్క్రీన్లు పెద్దవయ్యాయి, లైనుని ముక్కలు చేస్తే వెతకడం కష్టమవుతోంది అని లైనసే వాదించాడు. చెక్‌ప్యాచ్ హద్దు 100కి పెరిగింది. వీలైతే 80 లోపే ఉంచండి అన్న సలహా మాత్రం అలాగే ఉంది. ఇంకో మినహాయింపు కూడా ఉంది: యూజర్‌కి కనిపించే ఎర్రర్ మెసేజ్ ఎంత పొడవున్నా మధ్యలో విరవొద్దు. ఎందుకంటే రేపు ఎవరో ఆ మెసేజ్‌ని కాపీ చేసి కోడ్‌లో వెతుకుతారు, దొరకాలి.

చూశారా, అట్టముక్క వల్ల పుట్టిన రూల్, అట్ట పోయాక కూడా బతికింది. చదివేవాళ్లకి పనికొచ్చింది కాబట్టి. అదే చదివేవాళ్లకి అడ్డమైనప్పుడు మారింది.

అందుకే మీ ప్యాచ్ స్టైల్ కోసం తిరిగొస్తే అవమానం అనుకోకండి. మీరు ఒక్కసారి రాస్తారు. మిమ్మల్ని ఎప్పుడూ చూడనివాళ్లు పదేళ్ల తర్వాత కూడా దాన్ని చదువుతారు. పంపేముందు ప్రాజెక్టు స్టైల్ ఫైల్ చదవండి, టూల్ రన్ చేయండి. స్టైల్ మార్పునీ బగ్ ఫిక్స్‌నీ ఒకే ప్యాచ్‌లో కలపకండి. ఏదైనా రూల్ అర్థం లేనిదనిపిస్తే ఎందుకు పెట్టారో అడగండి. కారణం తెలిసినవాళ్లే 2020లో దాన్ని మార్చగలిగారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.