మందలు ఎందుకు కదులుతాయి? ఉత్తర కెన్యా చెప్పిన పాఠం

విద్యార్థులారా! ఆఫ్రికా పటంలో కెన్యా ఉత్తర భాగాన్ని చూడండి. తుర్కానా సరస్సుకు తూర్పున మార్సబిట్, పడమర తుర్కానా ప్రాంతం కనిపిస్తాయి. ఏడాదికి రెండు వానకాలాలున్నా, ఒక్కోసారి రెండూ ముఖం చాటేస్తాయి. ఇలాంటి చోట వ్యవసాయం కష్టం. రెండిల్లె, గబ్రా, తుర్కానా ప్రజలు ఒంటెలు, ఆవులు, మేకలు, గొర్రెల మీద ఆధారపడతారు. పచ్చిక ఉన్న చోటికి మందలను తోలుకుపోతారు.

ఈ సంచారాన్నే ఒకప్పుడు చాలామంది నిపుణులు సమస్యగా భావించారు. పశువులు ఎక్కువైతే గడ్డి తరుగుతుంది, చివరికి నేల ఎడారి అవుతుంది. కాబట్టి ఇంత నేలకు ఇన్ని పశువులని లెక్క కట్టాలి, కాపరులను ఒకచోట స్థిరపరచాలి అన్నారు. 1968-73 మధ్య సహారాకు దక్షిణాన ఉన్న సహేల్ ప్రాంతాన్ని కరువు అల్లాడించాక ఈ భయం ఇంకా పెరిగింది. 1976లో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి మార్సబిట్‌లో శుష్కభూముల సమగ్ర పరిశోధన ప్రాజెక్టును చేపట్టాయి. 1977లో ఎడారీకరణపై ప్రపంచ సదస్సు నైరోబీలో జరిగింది.

మరి మార్సబిట్‌లో పరిశోధకులు ఏం గమనించారు? నేల బాగా దెబ్బతిన్నది బోర్లు, ఊళ్ళు, కరువు సాయం పంచే కేంద్రాల చుట్టూ. నీరు లేకపోవడం వల్ల, పశువులను దోచుకుపోతారన్న భయం వల్ల దూరపు మేతభూములకు మందలు అంతగా వెళ్ళడం లేదు. అంటే మందలు తిరగడం కన్నా ఒకచోట ఆగిపోవడమే నేలకు ఎక్కువ చేటు చేసింది.

తుర్కానాలో సాగిన పరిశోధనల ఆధారంగా 1988లో జేమ్స్ ఎల్లిస్, డేవిడ్ స్విఫ్ట్ ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. వానలు ఏటా ఇంతగా మారిపోయే చోట మందల సంఖ్యను ప్రధానంగా నిర్ణయించేది కరువేనని వారు వివరించారు. అలాంటి చోట సగటు వర్షపాతాన్ని నమ్ముకుని పశువుల సంఖ్యకు స్థిరమైన హద్దు పెట్టడంలో అర్థం లేదు. కాపరి సంచారం అనిశ్చితిని తట్టుకునే ఉపాయం.

ఈ అవగాహన తర్వాత ప్రశ్న మారింది: కరువులో మంద పోతే కుటుంబం మళ్ళీ నిలదొక్కుకునేదెలా? నైరోబీలోని అంతర్జాతీయ పశు పరిశోధనా సంస్థ, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం, మరికొందరు భాగస్వాములతో కలిసి 2010లో మార్సబిట్‌లో ఒక కొత్త పశు బీమాను మొదలుపెట్టాయి. చనిపోయిన ప్రతి పశువునూ వెళ్ళి చూడటం అక్కడ సాధ్యం కాదు. అందుకని ఉపగ్రహాన్ని ఆశ్రయించారు. పచ్చని ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. ఈ తేడాతో పచ్చదనాన్ని కొలుస్తారు. అది నిర్ణీత స్థాయికన్నా పడిపోతే బీమా చేసినవారికి డబ్బు అందుతుంది. 2011 కరువులో తొలిసారి చెల్లింపులు జరిగాయి.

అయితే ఒక చిక్కు ఉంది. ప్రాంతమంతా పచ్చగానే ఉన్నట్టు లెక్క తేలి, ఒకరి పశువులు మాత్రం చనిపోతే వారికి పరిహారం రాదు. పైగా బీమా డబ్బు గడ్డిని మొలిపించదు. 2020 చివరి నుంచి తూర్పు ఆఫ్రికాలో వరుసగా ఐదు వానకాలాలు విఫలమై లక్షలాది పశువులు చనిపోయాయి. బీమాతోపాటు మందలు నడిచే దారులు, నీటి వనరులు, శాంతి కూడా అవసరం.

ఐక్యరాజ్యసమితి 2026ను మేతభూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. మీ ప్రాంతానికి మందతో వచ్చే కాపరిని కలవండి. ఏ నెలలో ఏ దారిన వస్తారో, ఏ దారులు మూసుకుపోయాయో అడిగి పటం మీద గుర్తించండి. మార్సబిట్‌లో పరిశోధకులు చేసిన పని కూడా ఇలాంటి ప్రశ్నలతోనే ముందుకు సాగింది.